పొగగొట్టం గుండా పోయే ఇరవై వంతులు

2008 డిసెంబరు 23, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. నారాయణఖేడ్‌లో నేను అద్దెకున్న గది వరండాలో థర్మామీటరు తొమ్మిది డిగ్రీలు చూపుతోంది. మంచు దట్టంగా ఉంది. ఇరవై అడుగుల దూరంలోని కరెంటు స్తంభం కనబడలేదు. గాలి బొత్తిగా లేదు. గాలి ఆగిపోయిన సంగతి నేను ముందు రోజు సాయంత్రమే డైరీలో రాసుకున్నాను. దాని అర్థమేమిటో మాత్రం ఆలోచించలేదు.

అప్పుడు ఫోను మోగింది. మనూర్ దారిలో కోళ్ల షెడ్డు నడిపే మహబూబ్ సేటు.

"సారూ, జల్దీ రా. కోడిపిల్లలన్ని పడిపోయినయి. ముసల్ది లేస్తలేదు."

"ఏ ముసలామె?"

"విఠల్ తల్లి. ఇంకెవరున్నరు ఆడ? రా సారూ, మాటలొద్దు."

గ్యాస్ హీటర్లు బిగించే పనిలోకి కొత్తగా వచ్చేవారి కోసం ఇది రాస్తున్నాను. యంత్రంతో పాటు వచ్చే పుస్తకంలో ఉన్న సంగతులు మీరు అందులో చదువుకోవచ్చు. అందులో లేనిది ఆ మంగళవారం నాకు తెలిసింది. అందుకే దానితో మొదలుపెట్టాను. అయితే ఆ ఉదయం అర్థం కావాలంటే ముందు పని సంగతి చెప్పాలి.

పని

2001 జూన్ 4 నుంచి 2014 మార్చి 31 వరకు, పన్నెండేళ్ల తొమ్మిది నెలల ఇరవై ఎనిమిది రోజులు, నేను కోళ్ల షెడ్లలో గ్యాస్ హీటర్లు బిగించి, వాటిని ఏటా తనిఖీ చేశాను. అంతకుముందు హైదరాబాదులో ఒక కర్మాగారం బాయిలరు విభాగంలో పనిచేసేవాణ్ణి. అది మూతపడింది. నా భార్య 1999లో చనిపోయింది. పిల్లలు లేరు. కోళ్లఫారాల పరికరాలు అమ్మే ఒక సంస్థకు నారాయణఖేడ్ ప్రాంతంలో ఉండి పనిచేసే మనిషి కావలసి వచ్చింది. నాకు ఎక్కడున్నా ఒకటే. అలా వచ్చాను.

ఒకరోజు వయసున్న కోడిపిల్లకు ముప్పై మూడు డిగ్రీల వేడి కావాలి. మా ప్రాంతంలో డిసెంబరులో తెల్లవారుజామున తొమ్మిది, పది డిగ్రీలకు మించదు. ఆ తేడాను పూరించేది హీటరు. ఒక ఇనుప పెట్టె, లోపల గ్యాస్ మంట, వెనుక పంకా, మంట నుంచి వచ్చే పొగను కప్పు మీదికి తీసుకుపోయే గొట్టం. ఇంతే దాని నిర్మాణం. రైతులు దాన్ని 'డబ్బా' అనేవారు. షెడ్డు దూలానికి ఇనుప గొలుసులతో వేలాడదీస్తాము. తాడు వాడకూడదు. నేల నుంచి ఏడడుగుల ఎత్తు, షెడ్డు పక్కలకు గోడలకు బదులు కట్టే పరదాల నుంచి కనీసం మూడడుగుల దూరం ఉండాలి. సిలిండర్లు షెడ్డు బయట, నీడలో, నిటారుగా, చదునైన నేల మీద ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువైనది, కారితే పల్లానికి పోయి నిలుస్తుంది. 2003లో ఒక రైతు ఎండ తగలకూడదని సిలిండర్లను గుంతలో పెట్టించాడు. గుంతలో వాసన నిలిచి ఉండటం నా ముక్కుకు తెలిసింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు కనుక ఇంతకంటే రాయను.

గ్యాస్ ఒత్తిడిని నేను నీటి గొట్టంతో కొలిచేవాణ్ణి. వంపు తిరిగిన గాజు గొట్టంలో నీళ్లు పోసి ఒక కొనను గ్యాస్ దారికి తగిలిస్తే రెండు వైపుల నీటి మట్టాల తేడా మూడు వందల మిల్లీమీటర్లు రావాలి. ముల్లు తిరిగే మీటర్లు చెడిపోయినా ఏదో ఒక అంకె చూపుతూనే ఉంటాయి. నీళ్లు అలా చేయవు. తర్వాత ప్రతి అతుకు మీదా సబ్బు నురుగు పూయాలి. ఒక హీటరుకు పదకొండు అతుకులు. పదకొండూ చూడాలి. పది చూసి పదకొండోది కూడా బాగానే ఉంటుందనుకునేవాడు ఈ వృత్తికి పనికిరాడు.

ఈ పద్ధతులన్నీ నేర్పింది మా సంస్థ డిపోలోని మొదటి ఫోర్‌మన్. నోటి దురుసు మనిషి. ఒకసారి నేను 'ఒత్తిడి సరిగా ఉంది' అని రాస్తే కాగితం చింపి నా చేతిలో పెట్టాడు. "సరిగ అంటే ఎంత? నీ బుద్ధికి సరిగనా, గొట్టానికి సరిగనా? అంకె రాయి." ఇంకో మాట కూడా చెప్పాడు: "నువ్వు షెడ్డుల ఏమేం మాట్లాడినవో గది గూడ రాసుకో. రేపు నువ్వే అనలేదంటవు." మొదటిది అందరూ చెప్పే మాటే. రెండోది ఆయన ఒక్కడే చెప్పాడు. నేను రెండూ పాటించాను. ఆయన 2005లో ఉద్యోగం మానేశాడు. తర్వాత వచ్చిన మేనేజర్లు ముగ్గురూ మర్యాదగా మాట్లాడేవారు. వారి దగ్గర నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

రెండు గంటలు

హీటరు వెలిగించాక రెండు గంటలు దాని ముందు కూర్చోవాలని నేను నియమం పెట్టుకున్నాను. సంస్థ అరగంట చాలనేది. ఇనుము పూర్తిగా వేడెక్కాక గాని అతుకులు సాగవు. సాగాక గాని కారేది కారదు.

ఈ వృత్తిలో అసలు జీవితం ఆ రెండు గంటలే. వెలిగే దాకా అందరూ చుట్టూ ఉంటారు. వెలగగానే యజమాని బండెక్కి వెళ్లిపోతాడు, కూలీలు దాణా సంచుల వైపు పోతారు. కోడిపిల్లల కిచకిచలు, పంకా రొద, నేను. తర్వాత మోపెడ్ మీద ఇరవై, ముప్పై కిలోమీటర్లు వెనక్కి. బస్టాండు దగ్గరి హోటల్లో భోజనం. గది. యంత్రం బాగుంటే మెకానిక్కు ఎవరికీ గుర్తుండడు. మళ్లీ పిలిచేది చెడినప్పుడే. 2006 నవంబరులో ఒక నెలపాటు లెక్క పెట్టాను. పనికి సంబంధం లేని మాట ఒక్కటైనా ఎవరితోనూ మాట్లాడని రోజులు ముప్పైలో పంతొమ్మిది. తర్వాత ఆ లెక్క మానేశాను. ఆ అంకెతో చేయగలిగింది ఏమీ కనిపించలేదు.

ఆ రెండు గంటల్లో నాతో మాట్లాడిన మనిషి ఒక్కతే: మహబూబ్ సేటు షెడ్డులోని తుల్జవ్వ.

కంగ్టి వైపు నుంచి పని కోసం వచ్చిన కుటుంబం వాళ్లది. కొడుకు విఠల్, కోడలు సాయవ్వ షెడ్డు చూసుకునేవారు. తుల్జవ్వకు కళ్లు సరిగా కనబడవు. పొద్దంతా దాణా గది గడప మీద కూర్చునేది. నేను హీటరు ముందు కూర్చుంటే తానూ వచ్చి పక్కన చతికిలబడేది.

"ఏం జూస్తవు సారూ గా మంటను? కొత్త పెండ్లాం మొకం జూసినట్టు జూస్తున్నవు."

"రంగు చూస్తున్న అవ్వా. నీలంగ ఉండాలె."

"పచ్చగైతె ఏమైతది?"

"పసుపుపచ్చగైతె గ్యాస్ సగమే కాలుతున్నట్టు."

"మరి కాలని సగం ఏడికి వోతది?"

నేను గడియారం చూసుకుని, ఇంకా నలభై నిమిషాలు ఉందని చెప్పాను. ఇది 2007 డిసెంబరు 12న జరిగిన సంభాషణ. డైరీలో ఆమె ప్రశ్న ఉంది. నా జవాబు లేదు, ఎందుకంటే నేను జవాబివ్వలేదు. అక్షరం రాని ముసలామెకు కార్బన్ మోనాక్సైడ్ గురించి ఎలా చెప్పడం అనుకున్నాను. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసుకు ఉండే వాసన కూడా తయారీలో కలిపినదే, దీనికి అదీ ఉండదు. పీల్చిన మనిషికి నిద్ర వస్తున్నట్టే ఉంటుంది, మళ్లీ లేవడు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి అక్షరాలు అక్కరలేదు. నలభై నిమిషాల సమయం కూడా ఉండింది.

ఆమె మాత్రం మాట మార్చి, నేను ఏమైనా తిన్నానా అని అడిగింది. ఆ జవాబు కూడా డైరీలో లేదు. తినలేదని చెప్పినట్టు జ్ఞాపకం. జొన్నరొట్టె, మిరపకారం పెట్టింది.

నేను చెప్పిన అంకె

2008 నవంబరు 27, గురువారం. ఏటా చలికాలం ముందు చేసే తనిఖీకి వెళ్లాను. మహబూబ్ సేటు చిరాకుగా ఉన్నాడు.

"సారూ, నీ డబ్బా గ్యాస్ తాగుతలేదు, మింగుతుంది. పక్కూరోని షెడ్డుల ఐదు దినాలొచ్చే సిలిండరు నా దగ్గర నాలుగు దినాలకే ఖతం."

నేను అన్నీ కొలిచాను. ఒత్తిడి మూడు వందలు. అతుకులు పదకొండూ పొడి. మంట నీలం. దోషం లేదని చెప్పాను. ఆయన పొగగొట్టం మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

"యా అల్లా! గిది చూడు ఎంత గరమున్నదో. గీ వేడంత ఆకాశానికేనా?"

"అంతా కాదు. నూటికి ఇరవై వంతులు."

ఆ అంకె చెప్పగలిగినందుకు నాకు ఒక విధమైన సంతృప్తి కలిగింది. అంకె తప్పు కాదు. ఆ నమూనా హీటరు గురించి తయారీదారు ఇచ్చిన పట్టికలో ఉన్నదే. విఠల్ పక్కనే నిలబడి ఉన్నాడు. తుల్జవ్వ గడప మీద నుంచి వేళ్ల మీద లెక్కవేసి అన్నది:

"అంటే ఐదు సిలిండర్లకు ఒకటి మొగులుకు ఇస్తున్నమా? సేటూ, మొగులుకు చలి వెడ్తుందేమోనే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గొట్టంలో వేడితో పాటు ఇంకేం పోతుందో చెప్పవలసిన క్షణం అదే. నేను 'వేడి నష్టం అడిగారు, చెప్పాను' అని డైరీలో రాసి, సంతకం తీసుకుని, మోపెడ్ ఎక్కాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. షెడ్లు చూసుకునే కుటుంబాలు చలికాలం కోడిపిల్లల మధ్యే పడుకుంటాయి. వాళ్లకిచ్చే గదికి పైన రేకులు, కింద మట్టినేల. షెడ్డులో ముప్పై మూడు డిగ్రీలు. ఎవరు మాత్రం బయట పడుకుంటారు? ఇది అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తనిఖీ కాగితంలో కోడిపిల్లల సంఖ్యకు గడి ఉంది, మనుషుల సంఖ్యకు లేదు. గడి లేదు కనుక నేను ఏడేళ్లు ఆ ప్రశ్న అడగలేదు.

ఆ మంగళవారం

నేను షెడ్డు చేరేసరికి ఏడున్నర. విఠల్‌ను, సాయవ్వను అప్పటికే ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. వాళ్లు దాణా గది తలుపు పక్కన పడుకున్నారు. ఆ తలుపు సందులోంచి వచ్చిన కాస్త గాలే వాళ్లను కాపాడింది. తుల్జవ్వను ముసలి మనిషి, చలికి ఓర్వలేదని సరిగ్గా హీటరు కింద పడుకోబెట్టారు. అందరికంటే మంచి చోటు ఆమెకు ఇచ్చారు. నేను వెళ్లేసరికి ఆమె బతికి లేదు.

పరదాలకు రెండో వరుస ప్లాస్టిక్ కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పెట్టారు. నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాను. పొగగొట్టం మూతిలో యూరియా సంచి కుక్కి, మీద మట్టి మెత్తి ఉంది. మట్టి చక్కగా, వేళ్ల గుర్తులు కనిపించకుండా నున్నగా మెత్తారు. పని తెలిసిన మనిషి చేసిన పని అది.

మధ్యాహ్నం దవాఖానలో విఠల్ స్పృహలో ఉన్నాడు. సాయవ్వ వాంతులు తగ్గి నిద్రపోతోంది. నేను అడగకముందే అతనే చెప్పాడు.

"ఐతారం నాడు మూసిన సారూ. రెండు దినాలు మంచిగనే ఉండె. గ్యాస్ గూడ తక్కువనే కాలింది. సేటు శభాష్ అన్నడు."

ఆదివారం రాత్రి, సోమవారం పగలు గాలి వీచింది. సందుల్లోంచి పొగ పోయింది. సోమవారం సాయంత్రం గాలి ఆగింది. అది నా డైరీలోనే ఉంది.

"ఎందుకు మూసినవు విఠల్?"

అతను నా వైపు చూశాడు. కోపం లేదు. నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

"నువ్వే చెప్తివి గద సారూ. ఐదిట్ల ఒకటి ఉత్తగ పోతుందని."

నేను ఆ మంచం పక్కన ఎంతసేపు ఉన్నానో రాసుకోలేదు. నా డైరీలో సమయం లేని పుట అదొక్కటే.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. నేను చెప్పిన అంకె గురించి కూడా వాళ్లకు చెప్పాను. రాసుకుంటున్న జవాను కలం ఆపి, "ఇంతకు గొట్టం మూసింది నువ్వా?" అని అడిగాడు. కాదన్నాను. "మరింకేంది?" అని ఆ వాక్యం వదిలేశాడు. ప్రమాదం అని నమోదైంది.

ముప్పై ఒకటి

ఆ సాయంత్రం గదిలో కూర్చుని ఏడేళ్ల డైరీలు తిరగేశాను. మహబూబ్ సేటు అడిగిన ప్రశ్న కొత్తది కాదు. చెయ్యి పెట్టి చూసిన ప్రతివాడూ అడిగాడు. అడిగిన ప్రతివాడికీ నేను అదే అంకె చెప్పాను. 'వేడి నష్టం అడిగారు, చెప్పాను' అన్న వాక్యం ముప్పై ఒక్క షెడ్ల పేర్ల పక్కన ఉంది. మహబూబ్ సేటుది తీసేస్తే ముప్పై. ఆ ముప్పైలో ఎన్ని గొట్టాలు మూసి ఉన్నాయో, వాటి కింద ఎందరు పడుకుంటున్నారో నాకు తెలియదు. చలి ఇంకా మూడు వారాలు ఉంటుంది.

మరునాడు మా సంస్థ జహీరాబాదు శాఖకు వెళ్లి మేనేజరుకు చెప్పాను. నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడు. ఓపికగా విన్నాడు.

"మీ తప్పేం లేదు సార్. తనిఖీ కాగితంల సంతకం ఉన్నది. మన తరఫున అంత క్లియర్."

"ముప్పై షెడ్లు ఉన్నయి. నేను పోయి చూడాలె."

"పోయి ఏం చెప్తరు? మా డబ్బా మనుషులను సంపుతదని చెప్తరా? సీజన్ సార్ ఇది. ఒక్కసారి పుకారు లేస్తే ఒక్క హీటరు గూడ అమ్ముడుపోదు."

"డబ్బా చంపలేదు. నా మాట చంపింది. అది చెప్తాను."

"సార్, మీరు పరేషాన్ల ఉన్నరు. ఇంటికి పోయి రెస్ట్ తీసుకోండ్రి."

ఆయన చెడ్డవాడు కాదు. తన కింద పనిచేసే పదకొండు మంది జీతాల గురించి ఆలోచించాడు. నేను పన్నెండు రోజుల సెలవు రాసిచ్చాను. ఆయన సంతకం పెట్టాడు. విశ్రాంతికే అనుకున్నాడో లేదో నాకు తెలియదు.

డిసెంబరు 26 నుంచి జనవరి 6 దాకా తిరిగాను. నాకప్పుడు యాభై తొమ్మిదేళ్లు. ప్రతి షెడ్డు దగ్గరా నిచ్చెన అడిగి తీసుకుని నేనే కప్పు ఎక్కాను. కింద నుంచి చూస్తే గొట్టం మూసి ఉన్నదీ లేనిదీ తెలియదు. బోరంచ దగ్గరి రైతు ఒకాయన నన్ను చూసి ఎకసక్కెమాడాడు.

"ఏంది సారూ, సర్వీసు లేకుండనే వచ్చినవు? తారీకు మర్సినవా? నువ్వు తారీకు మర్సుడంటే ఇగ లోకం మునిగినట్టే!"

విషయం చెప్పాక నవ్వు ఆగిపోయింది. ఆయన గొట్టం తెరిచే ఉంది. మరో చోట యజమాని నన్ను లోపలికే రానివ్వలేదు. మరునాడు మళ్లీ వెళ్లి, ఆయన బయటికి పోయేదాకా దారిలో కూర్చుని, కూలీ చేత నిచ్చెన పట్టించి ఎక్కాను. అది మర్యాద కాదని తెలుసు. ఆ గొట్టం మూసి ఉంది.

అయిదో రోజు, డిసెంబరు 30, ఉదయం పదకొండుకు కంగ్టి దాటాక ఒక షెడ్డుకు చేరాను. మర్నాడు పొద్దున పదింటికి కోడిపిల్లలు దిగాలి. కొత్త ఊక పరిచి ఉంది. హీటరు ఇంకా వెలిగించలేదు. చూసుకునే మనిషి బాలమణి. భర్త చెరుకు నరకడానికి వలస పోయాడు. నాలుగేళ్లది, రెండేళ్లది ఇద్దరు ఆడపిల్లలు. హీటరు కింద ఊక మీద అప్పుడే పక్క పరిచి పెట్టుకుంది. గొట్టం మూతికి గోనెపట్ట చుట్టి, రేకు మూత బోర్లించి, తీగతో బిగించి ఉంది.

నేను తీగ విప్పుతుంటే కింద నుంచి కేక వేసింది.

"ఓ సారూ! ఏం జేస్తున్నవు? మా సేటు నన్ను తిడ్తడు. నువ్వే మూయమన్నవంట గద!"

"మూయమనలేదమ్మా. ఇరవై వంతులు పోతదని చెప్పిన."

"గదే గద! నువ్వే చెప్పి, నువ్వే తీస్తవా? ఏం మనిషివి?"

దిగి వచ్చి, పక్క మీద ఆడుకుంటున్న పిల్లలకు కాస్త దూరంగా ఆమెను పిలిచి చెప్పాను. గొట్టంలోంచి పోయేది వేడి ఒక్కటే కాదని, కాలిన గ్యాసు అంతా ఆ దారినే పోవాలని, అది మూస్తే లోపలే తిరుగుతుందని, వాసన రాదని, నిద్రలా వస్తుందని. ఇవన్నీ చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"గిది అప్పుడే చెప్తె నీ సొమ్మేం పోయేది?"

"మనూర్ తొవ్వల ఒక ముసలామె పోయింది. వారం అయింది."

ఆమె వెళ్లి పక్క చుట్టి చంకన పెట్టుకుంది. గుమ్మం దాకా పోయి ఆగింది.

"ఇగ ఏడ పండాలె సారూ? గా రేకుల అర్రల చిన్నది బతుకుతదా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు. అప్పటిదాకా నేను వెళ్లిన షెడ్లన్నిటిలో 'లోపల పడుకోవద్దు' అని చెప్పి వచ్చాను. ఎక్కడ పడుకోవాలో చెప్పలేదు. మళ్లీ సగమే చెప్పాను. ఆ రోజు మిగిలిన షెడ్లకు వెళ్లలేదు. దాణా సంచులను గోడల వెంబడి మూడు వరుసలు పేర్చి, రేకు కింద గడ్డి కట్టలు దూర్చి, తలుపు సందులకు గోనె కొట్టి, ఆ గదిని పడుకునేలా చేశాము. ఆమె మోసింది, నేను పేర్చాను. మర్నాడు ఉదయం ఆరింటికి మళ్లీ వచ్చి చూస్తే బయట పది డిగ్రీలు, గదిలో పదిహేడు. పిల్లలు దుప్పటి కింద ఉన్నారు. హీటరును నేనే వెలిగించి, రెండు గంటలు కూర్చున్నాను. ఎవరూ వచ్చి పక్కన కూర్చోలేదు.

ఆ తర్వాత, అంతకుముందు చూసి వచ్చిన షెడ్లకు కూడా మళ్లీ వెళ్లి, సంచులు ఎలా పేర్చాలో చూపించాను.

మీకు చెప్పేది

ఒత్తిడి కొలవండి, అతుకులు పదకొండూ చూడండి, గొలుసు వాడండి. ఇవి ఎవరైనా నేర్పుతారు. మిగిలినవి నేను నేర్పుతాను. షెడ్డులోకి వెళ్లగానే ముందు ఎవరు ఎక్కడ పడుకుంటారో అడగండి. కాగితంలో గడి లేకపోతే పక్కన గీసుకోండి. తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ కప్పు ఎక్కండి. కింద నుంచి చూసి సంతకం పెట్టిన మనిషి అబద్ధం రాసినట్టే. పొగగొట్టంలో వేడి ఎంత పోతుందని ఎవరైనా అడిగితే, ఆ పోయేది మీ ఊపిరి ఖరీదని ముందు చెప్పి, అంకె తర్వాత చెప్పండి. పొగ వెనక్కి తిరిగితే మంట దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉన్న హీటర్లే బిగించండి. మా పాత నమూనాకు అది లేదు. అయితే ఆ ఏర్పాటు ఉందని కప్పు ఎక్కడం మానకండి.

అంకెలను నమ్మినందుకు నేను పశ్చాత్తాపపడటం లేదు. ఇప్పటికీ వాటినే నమ్ముతాను. ఏ మంటలో ఎంత పోతుందో తెలిసిన వాడికి, ఆ మాట వినే మనిషి ఇంటికెళ్లి ఏం చేస్తాడో కూడా తెలియాలి. అది కొలిచే గొట్టం నా సంచిలో లేదు. మనుషులతో మాట్లాడితే గాని అది తెలియదు. నేను మాట్లాడేవాణ్ణి కాదు.

విఠల్, సాయవ్వ కోలుకుని ఫిబ్రవరిలో కంగ్టి వెళ్లిపోయారు. నేను ఒకసారి వాళ్ల ఊరు వెళ్లాను. విఠల్ మంచం వాల్చాడు, నీళ్లిచ్చాడు. గంట తర్వాత లేచి వచ్చాను. మళ్లీ వెళ్లలేదు.

ఆ తర్వాత అయిదు చలికాలాలు, పదవీ విరమణ చేసేదాకా, సెలవు పెట్టి ఆ ముప్పై ఒక్క షెడ్లకూ ఏటా వెళ్లాను. రెండింటిలో ఎంత చెప్పినా లోపలే పడుకున్నారు. అక్కడ గొట్టం ఒక్కటే చూసి రాగలిగాను.

లెక్క ఇది. నేను ఆ అంకె చెప్పిన షెడ్లు ముప్పై ఒకటి. నా మాట విని మూసిన పొగగొట్టాలు అయిదు. ఆ అయిదింటి కింద పడుకున్న మనుషులు, పడుకోబోయిన వారితో కలిపి, పన్నెండు మంది. నేను సమయానికి వెళ్లి తెరిచినవి నాలుగు. చనిపోయినది ఒకరు.